చదవకుండా పెట్టిన సంతకం

మా కాలేజీలో సంతకం పెట్టకుండా పూట గడవదు. పొద్దున రాగానే హాజరు రిజిస్టరులో ఒకటి. బస్సు ఆలస్యమైతే పక్కనే ఉండే ఎర్ర అట్ట పుస్తకంలో ఇంకొకటి. క్లాసు మధ్యలో అటెండరు సర్క్యులర్ పట్టుకొని గుమ్మంలో నిలబడితే, సుద్దముక్క చేతిలో ఉండగానే దానిమీద మరొకటి. అందులో ఏముందో చదివేవాళ్లు తక్కువ. పైవాళ్లు ఎక్కడ పెట్టారో చూసుకొని దాని కింద మనది గీకేయడమే. ఒకసారి రెండు నెలల కిందటి సర్క్యులరే పొరపాటున మళ్లీ తిరిగింది. అందరూ మళ్లీ సంతకాలు పెట్టారు.

నేను అలాంటిదాన్ని కానని నాకు కాస్త గర్వం ఉండేది. మాది కర్నూలులో బట్టల అంగడి. నాయన కొలబద్ద పక్కన పెట్టి "నోటిమాట గాలికి పోతుంది పాపా, రాసుకున్నదే నిలబడేది" అనేవాడు. చదవకుండా ఏ కాగితం మీదా వేలు కూడా పెట్టొద్దని చెప్పి నన్ను ఉద్యోగానికి పంపించాడు. అందుకే అటెండరు ఎంత విసుక్కున్నా ప్రతి సర్క్యులరూ చివరిదాకా చదివే పెడతాను. రాతమీద నాకున్న ఆ నమ్మకమే ఒక పెద్దమనిషి ఉద్యోగాన్ని తినేసింది. ఆయన పేరు ఇక్కడ రాయను. రాసే మొహం నాకు లేదు.

కాలేజీ ఎర్రగుంట్ల దగ్గర. నేనుండేది కడపలో. ఇంజనీరింగ్ పిల్లలకు లెక్కలు చెప్తాను. కాలేజీ బస్సులో రోజూ పోను గంట, రాను గంట. ఆ బస్సులో నా పక్క సీటు ఆ సార్‌ది. సివిల్ డిపార్ట్‌మెంట్. యాభై అయిదు దాటిన మనిషి. ఊరు ఆదోని అవతల, వాన పడితే పత్తి, పడకపోతే కూలి అనే పల్లె. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. కాలేజీలో నన్ను అందరూ మేడం అంటే, ఆయన మాత్రం అమ్మా అనేవాడు. దారిలో కమలాపురం దగ్గర ఇంకొకామె ఎక్కేది. ఎలక్ట్రానిక్స్ చెప్తుంది, నాకంటే పదేళ్లు చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. మధ్యాహ్నం మా ఇద్దరిదీ ఒకటే భోజనం. ఆమె చెనిగ్గింజల పొడి, అదే పల్లీల పొడి, తెస్తే నేను పప్పు తెచ్చేదాన్ని. ఎవరి డబ్బాలో ఎవరి చెయ్యి ఉందో చూసుకోని స్నేహం.

మా ఇద్దర్నీ కలిపే హైదరాబాదుకు ట్రైనింగుకు పంపారు. ఒక వారం. పిల్లలు గుంపులుగా కూర్చొని, ఒకరికొకరు చెప్పుకుంటూ నేర్చుకునేట్టు పాఠం ఎలా నడపాలన్నది విషయం. నిజం చెప్తున్నాను, ఆ వారం నాకు కళ్లు తెరుచుకున్నాయి. పద్దెనిమిదేళ్లుగా నేను చెప్తున్నది పాఠం కాదు, ప్రసంగం అని తెలిసింది. తిరిగొచ్చాక ప్రిన్సిపాల్ పిలిచి, "కమిటీ వచ్చేలోపల పన్నెండు మంది సార్లను ఈ పద్ధతిలోకి తేవాలి మేడం, మీ ఇద్దరిదే బాధ్యత" అన్నాడు. కమిటీ అంటే కాలేజీకి గుర్తింపు ఇవ్వడానికి వచ్చేవాళ్లు. వాళ్లు వస్తున్నారంటే మా దగ్గర గోడలకు సున్నం పడుతుంది, ఫైళ్లకు కొత్త అట్టలు పడతాయి, నవ్వని వాళ్లు నవ్వుతారు.

మొదటి రెండు నెలలు పన్నెండు మందీ నన్ను ఓ ఆట ఆడించారు. స్టాఫ్ రూములో దీనికి "గుంపులో గోవిందా" అని పేరు పెట్టారు. నేను వస్తున్నానని తెలిస్తే బెంచీలు తిప్పి వేసేవాళ్లు, పిల్లల్ని నలుగురు నలుగురిగా కూర్చోబెట్టేవాళ్లు, "ఫోటో తీసుకోండి మేడం, మళ్లీ సర్దుకోవాలి" అనేవాళ్లు. మెకానికల్ సార్ ఒకాయనైతే ఒకే గుంపుకు నాలుగు వైపులనుంచి నాలుగు ఫోటోలు తీయించి నాలుగు క్లాసుల కింద పంపాడు. వెనకాల పంకా మీద వేలాడే దారం నాలుగింట్లోనూ ఉంది. కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది.

వాళ్లెందుకు తప్పించుకుంటున్నారో చెప్పింది మా సారే. ఆయన క్లాసులో ఒకరోజు చివరి బెంచీలో కూర్చున్నాను. యాభై నిమిషాలు బోర్డు వైపు తిరిగి రాశాడు. అక్షరాలు ముత్యాలు. పిల్లలు దించుకున్నారు. ఎవరూ నోరు తెరవలేదు, ఆయన వెనక్కి తిరగలేదు. సాయంత్రం బస్సులో ఎలా మొదలుపెట్టాలా అని నేను సతమతమవుతుంటే ఆయనే అన్నాడు:

"బోర్డు పక్క తిరిగి రాస్తాంటే ఎవురూ అడగరమ్మా. పిల్లోళ్ల పక్క తిరిగితే అడుగుతారు."

"అడిగితే మంచిదే కదా సార్."

"వచ్చినోనికి మంచిదే. రానోడు ఏం జెయ్యల్ల?"

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. దూలం మీద బరువు పడితే ఎంత వంగుతుందో లెక్కగట్టడం ఆయన సబ్జెక్టు. పాత పద్ధతిలో ఆయనకు నిద్రలో లేపినా వచ్చు. సిలబస్ మారి, అదే లెక్కను మ్యాట్రిక్సులతో చేయమన్నారు. ఆ ఒక్క యూనిట్ ఆయనకు సగమే అర్థమైంది. నాలుగేళ్లుగా గైడు చూసి అక్షరం పొల్లుపోకుండా బోర్డు మీద దించుతున్నాడు. ఎవరైనా అడుగుతారేమోనని ఆ యూనిట్ ఉన్న వారమంతా ఆయనకు తిండి సయించదట. "శానా సిగ్గుగా ఉండాదమ్మా. ఎవురికీ చెప్పల్యా ఇది. ఇంట్లో ఆమెకు గూడా చెప్పల్యా."

మ్యాట్రిక్సులు నా లెక్కలే. అవి నేను చెప్తాను, దూలం సంగతి మీరు నాకు చెప్పండి, అన్నాను. ఆ రోజునుంచి నెలరోజులు మా బస్సే మాకు బడి. ఆయన కాళ్లమీద బ్యాగు, బ్యాగు మీద కాగితం. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా గీత పక్కకు పోయేది. కమలాపురం ఆమె వెనక సీటులోంచి తొంగి చూసి "ఏం సార్, ఈ వయసులో ట్యూషనా" అని ఆటపట్టించేది. ఆయన నవ్వేవాడు.

అప్పుడే నాకు ఒక ఉపాయం తట్టింది. ఈ పన్నెండు మందికీ కావలసింది ఉపన్యాసం కాదు, భయం లేకుండా తప్పు చేసే చోటు. అందుకని ఒక్కొక్కరినీ కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాను. నేను మీ క్లాసులో కూర్చుంటాను, మధ్యలో లేచి కల్పించుకోను. చూసింది ఈ నోట్‌బుక్కులో రాస్తాను, తెలుగులో, ఆఫీసు కాగితం వాసన రాకుండా. రాసింది మీకు చూపిస్తాను. నిజమేననిపిస్తే కింద సంతకం పెట్టండి, లేదంటే కొట్టేస్తాను. నోట్‌బుక్ నా బ్యాగు దాటదు. మీకూ నాకూ మధ్యే.

సంతకం ఎందుకని ఎలక్ట్రానిక్స్ ఆమె కూడా అడిగింది. వెనకాల ఏదో రాసిందని రేపు ఎవరూ అనకూడదు కదా అన్నాను. నాయన బుద్ధి. నాకది న్యాయంగానే తోచింది. ఆమె నా చేతిలో చెయ్యి వేసి, "నీ మాటే నా మాట అక్కా" అంది.

సార్‌కు మాత్రం ఇంకో చిక్కు వచ్చింది. గుంపులుగా కూర్చున్న పిల్లలు దేనిమీద రాయాలి? నోటుబుక్కులో రాస్తే ఒక్కడిదే అవుతుంది, మిగతా ముగ్గురూ మెడలు చాస్తారు. తెల్ల బోర్డులు కావాలని అర్జీ పెడితే కమిటీ తర్వాత చూద్దామన్నారు. సార్ ఒక శనివారం ఎర్రగుంట్ల పక్కన బండల పాలిష్ ఫ్యాక్టరీకి పోయి, అంచులు విరిగి అమ్ముడుపోని నాపబండలు పది ఆటోలో వేయించుకొచ్చాడు. మా జిల్లాలో ఇంటి గచ్చుకూ, వంటింటి గట్టుకూ, పొలం గట్టుకూ వేసే బండలే. నున్నగా నల్లగా ఉన్నవాటిని క్లాసు చుట్టూ గోడకు ఆనించి నిలబెట్టాడు. సుద్దతో రాస్తే అక్షరం పాలతో రాసినట్టు కనిపిస్తుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. బండకు నలుగురు, నలుగురికీ ఒకటే సుద్దముక్క. దానికో షరతు కూడా ఆయనే పెట్టాడు. లెక్క తెలిసినవాడు సుద్ద పట్టుకోకూడదు. తెలియనివాడి చేతికివ్వాలి, మిగతావాళ్లు నోటితో చెప్పి వాడిచేత రాయించాలి. హైదరాబాదులో వారం రోజులు కూర్చున్నా నాకు తట్టని సంగతి అది.

ఆ మ్యాట్రిక్సుల యూనిట్ మొదలుపెట్టిన రోజు నేను చివర్లో స్టూలు వేసుకొని కూర్చున్నాను. సార్ చొక్కా వీపంతా చెమట. గైడు టేబుల్ మీద మూసే ఉంది. లెక్క ఇచ్చాడు. పదిహేను నిమిషాలు గోలగోలగా రాశారు. ఒక బండ దగ్గర పిల్లలు "సార్, మాకు దూలం పైకి లేస్తోంది" అన్నారు. సార్ దగ్గరికెళ్లి చూశాడు. చూస్తూ నిలబడ్డాడు. తప్పెక్కడుందో నా స్టూలు దగ్గరికి కనిపిస్తోంది, కానీ లేవకూడదని ఒప్పందం. సార్ వెనక్కి తిరిగి పిల్లలందరినీ చూశాడు.

"ఈ యూనిట్ నాకూ పూర్తిగా రాదురా. గైడు చూసి రాస్తాంటి ఇన్నాళ్లూ. రాండి, అందరం కలిసి చూస్తాం."

ఎవరూ నవ్వలేదు. సుద్దముక్క చేతిలో ఉన్న అమ్మాయి, సిమెంటు ఫ్యాక్టరీకి లారీ తోలే ఆయన కూతురు, రెండేళ్లలో నేనామె గొంతు విన్నది హాజరు పలికేటప్పుడే, "సార్, లోడు ఎక్కిస్తే లారీ కిందికి కుంగుతుంది గానీ పైకి లేస్తాదా? యాడో మైనస్ తప్పినాం" అంది. ఇరవై మంది ఆ బండ మీద పడ్డారు. మూడో వరసలో పోయిన మైనస్ దొరికింది. సార్ ఆ అమ్మాయి చేతినుంచి సుద్ద తీసుకోలేదు. ఆమె చేతే దిద్దించాడు.

బెల్లు కొట్టేలోపు నేను స్టూలు మీదే రాశాను. "ఈ యూనిట్ తనకు పూర్తిగా రాదని సార్ పిల్లల ముందు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక ఎవరూ భయపడలేదు. ఎన్నడూ అడగని పిల్లలు అడిగారు. తప్పును వాళ్లే పట్టుకున్నారు. నేను కూర్చున్న క్లాసులన్నిటిలో ఇంత మంచి క్లాసు చూడలేదు. నాకు కూడా ఇలా చెప్పడం వస్తే బాగుండును."

వరండాలో ఆయనకు ఇచ్చాను. చేతులనిండా సుద్దపొడి. నోట్‌బుక్కును గోడకు ఆనించి సంతకం పెట్టేశాడు.

"చదివి పెట్టండి సార్."

"నువ్వు రాసిందాంట్లో నేను చూసేదేముండాదమ్మా."

ఆ మాటకు నేను పొంగిపోయాను. చదవలేదన్న సంగతి నాకు పట్టలేదు, నమ్మాడన్నదే పట్టింది. ఆ సాయంత్రం కూడా బస్సులో ఎప్పటిలాగే పక్కపక్కన కూర్చొని వచ్చాం.

ఆ తర్వాత గాలి మళ్లింది. నాలుగు ఫోటోల మెకానికల్ సార్ కూడా వచ్చి బండలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు. పన్నెండు మందిలో ఎనిమిది మంది నా ఒప్పందానికి ఒప్పుకొని నిజంగా మారారు. నోట్‌బుక్కులో పేజీలు నిండాయి. ఒకాయన ఏం రాశారో చూడనివ్వండి అని లాక్కొని చదివి, "కోపం తగ్గించుకోవాలని రాశారు, ఇదే మా ఆవిడ కూడా అంటుంది" అని నవ్వుతూ సంతకం చేశాడు. నా ఉద్యోగంలో అంత మంచి నెలలు నాకు మళ్లీ రాలేదు.

కమిటీకి మూడు వారాల ముందు ప్రిన్సిపాల్ నోట్‌బుక్ అడిగాడు. సాక్ష్యంగా ఫైల్లో పెట్టాలట. ఇవ్వనన్నాను. మాట ఇచ్చాను సార్, అది నా సొంత పుస్తకం, వేరే రిపోర్టు రాసిస్తానన్నాను. ఆయన నవ్వి, "సొంతమా, సరే మేడం, మీ ఇష్టం" అన్నాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇదంతా చెప్తే, ఎలక్ట్రానిక్స్ ఆమె నా డబ్బాలోకి రెండోసారి పొడి వేస్తూ "బాగ చెప్పినావక్కా" అంది.

తర్వాతి వారం కర్నూలులో అమ్మకు కంటి ఆపరేషన్. మూడు రోజులు సెలవు పెట్టాను. ఆ మూడు రోజుల్లో ఇద్దరి క్లాసులు చూడాల్సి ఉంది. ఆగితే వాళ్ల ఊపు పోతుందని, నోట్‌బుక్ తీసి ఆమె చేతిలో పెట్టాను. నా బ్యాగు దాటదని ఎనిమిది మందికి మాటిచ్చిన పుస్తకాన్ని నేనే నా చేతులారా దాటించాను. ఆమె కూడా నేనే కదా అనుకున్నాను. అంతకంటే తెలివితక్కువ పని నేను ఈ జన్మలో చేయలేదు.

నేను తిరిగి రాగానే ఆమె నోట్‌బుక్ నాకిచ్చేసింది. కమిటీ వచ్చింది, పోయింది. బండల క్లాసును ప్రత్యేకంగా చూపించారు. కమిటీలో ఒక పెద్దాయన సార్ భుజం తట్టాడని చెప్పుకున్నారు. పది రోజుల తర్వాత సార్ బస్సుకు రాలేదు. మర్నాడూ రాలేదు. మూడోరోజు నా గది గుమ్మంలో నిలబడి "మేడం" అని పిలిచాడు. ఎవరో అనుకొని తలెత్తాను. ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

చేతిలో మెమో ఉంది. సబ్జెక్టు రాదని మీరే రాతపూర్వకంగా ఒప్పుకున్నారు, మీమీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పండి అని ఇంగ్లీషులో రాసి ఉంది. పీహెచ్‌డీ లేని పాతవాళ్లను తగ్గించుకోవాలని మేనేజ్‌మెంట్ ఏడాదిగా చూస్తోందని అందరికీ తెలుసు. సాకు దొరకలేదంతే. మెమోకు ఒక జిరాక్స్ జతచేశారు. అది నా నోట్‌బుక్ పేజీ. పైన నా అక్షరాల్లో మొదటి వాక్యం. అడుగున ఆయన సంతకం. మధ్యలో అంతా తెల్లగా ఉంది. మిగతా వాక్యాల మీద తెల్లకాగితం కప్పి తీశారు.

"మీ అచ్చరాలే గదా మేడం?"

"నావే సార్. కానీ..."

"సంతకం నాదే."

కానీ తర్వాత నేనేం చెప్పబోయానో వినకుండా వెళ్లిపోయాడు. వెనకే పరుగెత్తాల్సింది. నేను నోట్‌బుక్ తీసుకొని ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తాను. నా బుద్ధి అప్పటికీ కాగితం వైపే పోయింది. అసలు పేజీ చూపిస్తే అంతా సర్దుకుంటుందని నమ్మాను.

"మీరు రాసింది అబద్ధమా మేడం?" అన్నాడు ప్రిన్సిపాల్.

"సగమే చూపిస్తే అబద్ధమే సార్. మిగతా అయిదు వాక్యాలు చూడండి."

నోట్‌బుక్ ముట్టుకోలేదు. "అది మీ సొంత పుస్తకం అని మీరే అన్నారు గదా. సొంత పుస్తకాలు నేను చూడను. మాకు ఆఫీసు ద్వారా వచ్చిందేదో అదే మా రికార్డు." నా మాటనే నాకు వడ్డించాడు. కరస్పాండెంట్ దగ్గరికి కూడా పోయాను. రెండు గంటలు కూర్చోబెట్టి, చూస్తాం అన్నారు. చూడలేదు.

ఆఫీసు ద్వారా ఎలా వచ్చిందో అడగాల్సిన పని లేకపోయింది. ఆ సోమవారమే, కమిటీ ఫైళ్లు చూసే క్వాలిటీ సెల్ గది తలుపు మీద ఇన్‌చార్జిగా ఎలక్ట్రానిక్స్ ఆమె పేరుతో కొత్త బోర్డు పెట్టారు. అయినా ఆమె నోటితోనే వినాలనిపించింది. భోజనం వేళ ఆమె ఎప్పటిలాగే డబ్బా తెచ్చుకొని నా ఎదురుగా కూర్చుంది. అది చూసే నాకు ఒళ్లు మండింది.

"ఫోన్లో ఫోటోలు తీసి ఇచ్చావా?"

మూత తీయబోతూ ఆగింది. "ప్రిన్సిపాల్ సారు అడిగినాడక్కా. నాకూ పిల్లలుండారు, నా పోస్టు ఇంకా పర్మినెంటు కాలేదు. అయినా నేను పేజీలన్నీ నిండుగానే ఇచ్చినా. సగం కప్పుతారని నాకేం తెలుసు?"

"పేజీలన్నీనా? ఎనిమిది మందివీనా?"

డబ్బా మూత మళ్లీ బిగిస్తూ, "నువ్వు సంతకాలు పెట్టించకుంటే అవి ఉత్త రాతలేగదా అక్కా. ఎవురూ ఏం చేసేకి అయ్యుండేది కాదు" అంది. తప్పించుకోవడానికే అంది. కానీ అది నిజం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టిన మనిషి నోట నిజం వినాల్సి రావడం కంటే అవమానం లేదు. నా డబ్బా తీసుకొని లేచి వచ్చేశాను. ఆ రోజునుంచి నేను నా గదిలోనే తింటున్నాను. చెనిగ్గింజల పొడి మా ఇంట్లో చేయడం మానేశాను.

సార్‌కు రెండు దారులు చూపించారు. రాజీనామా ఇవ్వడం, లేదంటే ఆయన దగ్గర చదువుకున్న కుర్ర లెక్చరర్ కింద ల్యాబు చూసుకోవడం. ఆయన రాజీనామా ఇచ్చి, కడపలో అద్దె ఇల్లు ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోయాడు. నేను చేసిన ఫోన్లు తీయలేదు.

మిగతా ఏడుగురూ నాతో పోట్లాడలేదు. అదింకా నరకం. నేను స్టాఫ్ రూములోకి వస్తే మాటలు ఆగిపోయేవి. నాకు "సీఐడీ మేడం" అని పేరు పెట్టారని అటెండరు చెప్పాడు. తర్వాతి టర్మ్‌లో కూడా ట్రైనింగు కొనసాగించమని సర్క్యులర్ వచ్చింది. అందరూ సంతకాలు పెట్టారు. నేను వరండాలో నడుస్తుంటే ఒక్కో క్లాసులో ఒక్కో వీపు కనిపించింది. అందరూ బోర్డుల వైపు తిరిగి రాసుకుంటున్నారు. మెకానికల్ సార్ నన్ను చూసి, "ఫోటో కావాలా మేడం" అన్నాడు. ఈసారి నవ్వలేదు. నాపబండల్ని హాస్టలు వంటింట్లోకి మోయించారు. వాటిమీద ఇప్పుడు కూరగాయలు తరుగుతున్నారు.

వేసవి సెలవుల్లో కర్నూలు వెళ్లినప్పుడు, అమ్మకు చెప్పకుండా ఆదోని బస్సెక్కాను. అక్కడినుంచి ఇంకో బస్సు, ఆటో. నోట్‌బుక్ బ్యాగులో ఉంది. ఆయన ఆ పేజీ మొత్తం చదివితే చాలు, నేను ఆయన్ని అమ్ముకోలేదని తెలిస్తే చాలు, ఇంకేం వద్దనుకున్నాను. దారిపొడుగునా ఆ పేజీని మనసులో చదువుకుంటూ పోయాను.

సార్ భార్య నన్ను గుర్తుపట్టింది. లోపలికి రమ్మంది, నీళ్లిచ్చింది, బొరుగుల ఉగ్గాని పెట్టింది. బాగున్నావా అని మాత్రం అడగలేదు. ఇంట్లో ఆమెకు గూడా చెప్పలేదని ఆయన అన్న సంగతి ఇప్పుడు ఊరందరికీ తెలిసి ఉంటుంది. కాసేపటికి సార్ తన తమ్ముడి పొలం నుంచి వచ్చాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి "ఎప్పుడొస్తిరి మేడం" అన్నాడు.

జరిగింది మొదటినుంచి చివరిదాకా చెప్పాను. అమ్మ ఆపరేషన్, నోట్‌బుక్ ఆమె చేతికివ్వడం, ఫోటోలు, తెల్లకాగితం. ఆయన వింటున్నాడో లేదో తెలియలేదు. నోట్‌బుక్ తీసి ఆ పేజీ తెరిచి ఇచ్చాను. జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. ఒక చోట వేలు ఆగింది. ఏ వాక్యమో నాకు తెలుసు.

"ఇది ఎప్పుడు రాస్తివి?"

"ఆ రోజే సార్. మీరు సంతకం పెట్టకముందే ఇదంతా అక్కడ ఉంది."

"నేను చదవల్యా."

చదివి పెట్టమన్నాను కదా సార్ అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అంతదూరం పోయి కూడా నాలో తప్పు ఎదుటివాళ్లమీదికి తోసే బుద్ధి చావలేదు.

ఆయన నోట్‌బుక్ మూసి నా ఒడిలో పెట్టాడు. ఆయన ముఖంలో కోపం చూస్తాననుకొని పోయాను. కోపం ఉంటే బాగుండేది.

"ముప్పై ఏండ్లు చెప్పినా పాఠాలు. బాగ చెప్పినావు అని నాతో ఎవురూ అనల్యా. నువ్వనుకున్నావంట, రాసినావంట. ఇప్పుడు తెలిసె." కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఆ పొద్దు ఇంటికి పోయి, పిల్లోళ్ల ముందర పరువు పాయె అని అన్నం తినల్యా నేను. బస్సులో పక్కపక్కన కూసోని గంటసేపు వస్తిమి గదమ్మా. ఈ మాట నోటితో చెప్పింటే ఏం పోతాండె?"

అమ్మా అన్నాడు. ఆ పిలుపు కోసమే అంతదూరం పోయాను, అది వచ్చినప్పుడు తలెత్తలేకపోయాను. రాశాను కదా, సంతకం అయింది కదా, ఇక చెప్పడానికేముంది అనుకున్నానని ఆయనతో ఎలా అనగలను? ఎవరో నన్ను మోసం చేశారని నెలల తరబడి రగిలిపోతూ వచ్చినదాన్ని, ఆ ఇంట్లో కూర్చొని నోట్‌బుక్కును మళ్లీ బ్యాగులో పెట్టుకున్నాను.

బండల క్లాసు అయిన ఆ సాయంత్రం బస్సులో గంటసేపూ మేం ఏం మాట్లాడుకున్నామో నాకు బాగా గుర్తుంది. ఈసారి ఎండలు ఇంకా తగ్గినట్టు లేవు సార్ అన్నాను నేను. అవునన్నాడు. కడప వచ్చేదాకా ఎండల గురించే మాట్లాడుకున్నాం.